వాపసు పెట్టెలో బొమ్మ కార్డులు

సిరొంచ
తొలి వానలు

జిమల్‌గట్ట కిరాణా దుకాణం వారికి,

ఖలీముల్లా హోల్‌సేల్ దుకాణం నుంచి రాస్తున్నాను. గాలి పోయినవి, పగిలినవి, ఎలుకలు కొట్టినవి అని మీరు వాపసు పంపే మసాలా గొట్టాల ప్యాకెట్లను ఇక్కడ మా ఇంటి ఆడవాళ్ళం విప్పి చూస్తాం. ఒక్కో ప్యాకెట్‌లో ఒక సినిమా కార్డు ఉండాలి. 'శూన్య నౌక' అనే సినిమా బొమ్మలు, ఆకాశంలో తిరిగే ఓడలు, ఇనుప మనుషులు. చామోర్షి నుంచి అహేరి దాకా ఎవరి వాపసు చూసినా కార్డులు ఉంటున్నాయి. మీ దుకాణం వాపసులో మాత్రం ఎండాకాలం నుంచి ఒక్కటీ రావడం లేదు.

ఎలుకలు గొట్టాలు తింటాయి. అట్టముక్క తినవు. తిన్నా కొరికిన ముక్కలైనా మిగలాలి కదా?

కార్డు లేని ప్యాకెట్‌ను కంపెనీ ఏజెంటు తీసుకోనంటున్నాడు. మా మామగారు "దుకాణపోడు మంచోడే, నడుమ ఎవడో కిరికిరి చేస్తుండు" అంటున్నారు. నడుమ ఉన్నది బండి తోలే మనిషి ఒక్కడే. ఆ మనిషి మా ఇంటివాడే. అందుకే నేనే కూపీ తీస్తున్నాను.

ఇంకో సంగతి. మీ వాపసు చిట్టీలు ఇదివరకు మరాఠీలో వచ్చేవి. ఇప్పుడు గుండ్రటి తెలుగు అక్షరాల్లో వస్తున్నాయి. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గాని చదవగలిగేది నేనొక్కదాన్నే. నేను నది అవతల మహదేవ్‌పూర్‌లో పుట్టాను, తెలుగు బడిలో చదివాను. కాబట్టి ఈ ఉత్తరం తెలుగులో రాసి సరుకు పెట్టె అడుగున పెడుతున్నాను. చిట్టీలు రాసే చేతికి కార్డులు ఎటు పోయాయో తెలిసే ఉంటుంది.

వాపసు పెట్టెలో జవాబు పంపండి. లేకపోతే ఈ మాట మా మామగారి నోటి నుంచి మీ యజమానికి చేరుతుంది.

సబా


జిమల్‌గట్ట
వర్షాలు

సబా గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా ఆయనకు దొరకలేదు, నాకే దొరికింది. పెట్టెలు విప్పి సర్దే పని నాది కావడం వల్ల బతికిపోయాను. కార్డులు తీసింది నేనే. బండి మనిషిని ఏమీ అనకండి.

నా పేరు నవత. మాది ప్రాణహిత అవతల కోటపల్లి దిక్కు. ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను. ఇక్కడికి కోడలినై వచ్చాక బడి, బోర్డులు, బస్సు మీది పేర్లు అన్నీ మరాఠీ. మా ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, కాని చదవడం రాదు. దుకాణం పని ఎక్కువై వాపసు చిట్టీ నన్ను రాయమన్నాడు. నేను రాసేది అదొక్కటే.

పగిలిన ప్యాకెట్లలో కార్డులు నూనెకు తడిసి ఉంటాయి. మీరు పారేస్తారనుకున్నాను. బియ్యప్పిండిలో పూడ్చి పెడితే నూనె లాగేస్తుంది. పైన బట్ట పరిచి పప్పు డబ్బా బరువు పెడితే వంకర పోతుంది. అట్లా బాగు చేసినవన్నీ ఈ పెట్టెలో తిరిగి పంపుతున్నాను. ఇరవై రెండో నంబరు ఒక్కటి పంపలేదు. దానిమీద ఒక ఆడమనిషి తలకు గాజు కుండ పెట్టుకొని ఉంటుంది. చుట్టూ అందరూ ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డారు. ఆమె మాట్లాడటం లేదు. దాన్ని పంపబుద్ధి కాలేదు. మీరు గట్టిగా అడిగితే అదీ పంపుతాను.

ఈ సంగతి మా ఇంట్లో తెలియనివ్వకండి. వాపసు పెట్టె మీరే విప్పుతారా, ఇంకెవరైనా చూస్తారా? అది కూడా రాయండి.

నవత


సిరొంచ
నాగపంచమి ముందు

నవతా, చెల్లె అని పిలుస్తాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేక గిడ్డంగిలోకి వెళ్ళాను. నేనూ దొంగనే. ఏజెంటు కార్డులు లెక్క చూసుకొని చెత్త సంచిలో వేస్తాడు. అతను వెళ్ళాక ఆ సంచి నాది. నా పెళ్ళి ఆల్బంలో ఫొటోలు తీసేసి ఆ జేబుల్లో కార్డులు వరుసగా పెట్టాను. మా అత్త చాంద్ బీ ఆల్బం అడిగితే "చెదలు పట్టింది" అంటున్నాను. కొన్ని నంబర్లు ఎంతకీ రావడం లేదు. ఎవరి వాపసులో ఆగిపోతున్నాయా అని వెతికితే నువ్వు దొరికావు.

నీ కార్డులు నీకే పంపుతున్నాను. నూనె మరక ఒక్కటి లేదు, భలే పని! నా మరకలవి కూడా పెట్టాను, బాగు చేసి పంపు. నా దగ్గర డబల్ ఉన్నవి నీకు, నీ డబల్స్ నాకు. ఇరవై రెండు నా దగ్గర లేదు. నీ దగ్గరే ఉండనీ. కానీ దాని మీద నా కన్నుందని గుర్తుంచుకో.

సినిమా నేనూ చూడలేదు. వెనక ఇంగ్లీషులో రాసింది కూడబలుక్కొని చదువుతాను. నంబర్ల వరుసలో పేరిస్తే కథ తెలుస్తుంది. నడుమ నంబర్లు లేక ఎవరు ఎవర్ని చంపారో తేలడం లేదు. ఇనుప మనిషి ఇరవైలో చచ్చి పడి ఉన్నాడు, ముప్పైలో లేచి నడుస్తున్నాడు.

వాపసు పెట్టె విప్పేది నేనే. అడుగున అట్ట రెండు పొరలుగా ఉంటుంది, వాటి మధ్య పెట్టు. బండి తోలేది అజహర్. దించుతాడు, ఎక్కిస్తాడు, అడుగు చూడడు. మీ దుకాణంలో అతనికి గుర్తున్నది ఆకుపచ్చ పరదా ఒక్కటే. "దాని ఎనుక కోడిని కట్టేసిండ్రో ఏమో, ఊకె కదులుతుంటది" అంటాడు.

సబా


జిమల్‌గట్ట
పోలా పండుగ తర్వాత

సబా అనే వారికి,

ఇన్నాళ్ళు చిట్టీల మీద అక్కా అని రాశాను. ఇప్పుడు ఏమని రాయాలో తెలియడం లేదు.

మీరు పంపిన కార్డులు ఎప్పటికప్పుడు అందాయి. నేనూ పంపాను. ఇద్దరం కలిసి కథ చాలావరకు అతికించాం. సంతోషంగానే ఉండేది. కాని మీ పాత ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోతున్నాను. మీరు "అజహర్" అని రాశారు. ఆ తర్వాతి చిట్టీల్లోనూ అజహర్ అన్నాడు, అజహర్ వస్తాడు అనే రాశారు. అతను మీ ఇంటాయన అని కూడా ఒక చిట్టీలో ఉంది.

మా వైపు ఏ ఆడదీ మొగుడి పేరు తీయదు. మొన్న రేషన్ ఆఫీసు బాబు మా అత్త లక్ష్మక్కను మామ పేరు అడిగాడు. మామ పేరు రాయడానికే నాకు జంకుగా ఉంది, చిన్నయ్య. అత్త ఎంతకూ చెప్పలేదు. బాబు కోపం చేస్తే, "పెద్దయ్య కానోడు అని రాసుకో సారూ" అంది. అతను తొందరలో పెద్దయ్య అని రాసుకున్నాడు. ఇప్పుడు సర్కారు కాగితంలో మా మామ పెద్దయ్యే. అంతైనా అత్త నోటివెంట ఆ పేరు రాలేదు.

అట్లాంటిది మీరు కాగితం మీద ఇన్నిసార్లు ఎట్లా రాస్తారు? ఆడమనిషి రాయదు. ఒక మగవాడు ఆడదాని పేరు పెట్టుకొని రాస్తూ తన పేరు దగ్గర మరిచిపోతే తప్ప. మా పరదా రంగు మీకు తెలుసు. అది కదలడం తెలుసు. మీ కాగితాలకు తంబాకు వాసన ఉంటుంది. పదకొండో కార్డు మీద ఉన్న బొటనవేలి గుర్తు నా వేలికి రెండింతలుంది.

మీరు బండి తోలే మనిషి అని నా అనుమానం. నిజమైతే నా బతుకు ఏమవుతుందో మీకు తెలుసు. పరాయి మగవాడికి ఇన్నాళ్ళు ఉత్తరాలు రాసిన కోడలిని మా అత్త ఇంట్లో ఉంచదు, నది దాటిస్తుంది. ఇక రాయకండి. మీ కార్డులు మీకు పంపేస్తాను.

నవత


సిరొంచ
దసరా ముందు

నవత అనే పేరు పెట్టుకున్న వారికి,

నేను మగవాణ్ణా! చదివాక అద్దంలో చూసుకున్నాను.

అజహర్ నా మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఇద్దరం గోటీలాడి కొట్టుకున్నాం. అతని ముక్కు పక్కన మచ్చ నేను విసిరిన గోటీ వల్ల వచ్చిందే. పెళ్ళయిన తెల్లవారి నుంచి ఏమండీ అని పిలవమంటే నవ్వు రాదా? మా అత్త కూడా మీ అత్త చదివిన బడిలోనే చదివింది. "తోబా తోబా, మొగుని పేరు వట్టి పిలుస్తరా ఎవలన్న?" అని నెత్తి కొట్టుకుంటుంది. ఆమె పాన్‌దాన్ పక్కన కూర్చొని రాస్తాను, తంబాకు వాసన అందుకే. బొటనవేలు నాదే. రోజూ పెట్టెలు ఎత్తే చెయ్యి, మల్లెమొగ్గలా ఉంటుందా?

ఇప్పుడు నేనడుగుతాను. మీ ఉత్తరాలన్నీ ముందేసుకొని చూశాను. వాటిలో మీ ఆయన పేరు ఎక్కడా లేదు. మా బిల్లు పుస్తకంలో మీ దుకాణం పేరు మీద ఒకే మనిషి ఉన్నాడు, ప్రకాష్. ఊరికే అడిగినట్టు అజహర్‌ను అడిగాను, ఆ దుకాణంలో ఆడవాళ్ళెవరు అని. అతనేమన్నాడో వినండి.

"ఆడమనిషా? నేను ఎన్నడు సూడలే. ముసల్ది ఒక్కతి ఉంటది, దానికి ఏలిముద్రనే. చిట్టీ ఇచ్చేది, సరుకు దించుకునేది అంత ప్రకాషే."

"కోడలు లేదా?"

"ఉంటే గొంతన్న ఇనరాదా? ఇన్నేండ్లసంది పోతున్న."

ఇన్నేళ్ళలో ఒక్కసారి గొంతు వినిపించని కోడలు! "బతికిపోయాను", "జంకుగా ఉంది" అని మీరు రాసిన మాటలు ఆడవాళ్ళ మాటల్లాగే ఉన్నాయి. కాస్త ఎక్కువగానే ఉన్నాయి. ఒక షాపువాడితో నవ్వుతూ ఉత్తరాలు రాశానా అని నాకు ఒళ్ళు మండుతోంది. నేను ప్రకాష్‌తో మాట్లాడుతున్నానా, నవతతోనా, తేల్చండి. తేలేదాకా ఒక్క కార్డు రాదు.

సబా


జిమల్‌గట్ట
దసరా దాటింది

సబా అక్కకో, అజహర్ గారికో, ఎవరు చదివితే వారికి,

మీరు రాసిన ఆ పేరు మా ఆయనది. అది నా చేత్తో రాయను. ఆయనకు తెలుగు రాయడం రాదని మొదటి ఉత్తరంలోనే చెప్పాను.

నేను ఆడదాన్నని కాగితం మీద ఎట్లా చూపించను? గాజుముక్క పంపితే మగవాడూ పంపగలడు. గోరింటాకు చెయ్యి అద్ది పంపితే, ఇంట్లో ఎవరి చేతినో అద్దాడంటారు. నేను ఏది పంపినా మీరు నమ్మరు. మీరు ఏది పంపినా నేనూ నమ్మను.

బండి వచ్చినప్పుడు నేను పరదా వెనకే ఉంటాను. కోడి కాదు. నాకు కొత్తవాళ్ళ ముందు మాట రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. అదొక్కటే కాదు, మీ ఆయన చూపు నాకు నచ్చదు. దుకాణంలో ఉన్న ప్రతి వస్తువుకూ ధర కట్టినట్టు చూస్తాడు. పరదాను కూడా అట్లాగే చూస్తాడు. ఆ చూపుకే ఇంకా లోపలికి పోతాను. చదివేది అతనే అయితే నా నోరు ఇక్కడితో మూతపడినట్టే. చదివేది అక్క అయితే క్షమించాలి.

నాకు చేతనైనది ఒకటే. ఇరవై రెండో నంబరు ఇందులో పెడుతున్నాను. ఇది పంపడం నాకు ఎంత కష్టమో కార్డులు దాచే ఆడదానికే తెలుస్తుంది. మీ మాట కోసం ఎదురుచూస్తుంటాను.

నవత


సిరొంచ
దీపావళి వారం

నవతా,

ఈ కాగితం జంగుబాయి చేత పంపుతున్నాను. ఆమె అడవిలో ఏరిన చిరంజి పలుకులు మా దుకాణంలో అమ్ముకొని మీ వైపు సర్కారు ఎస్టీ బస్సులో వెళ్తోంది. నీ చేతికే ఇమ్మన్నాను. నువ్వంటూ ఉంటే అందుతుంది.

వానకు వాపసు పెట్టె అడుగు నానిపోయింది. అజహర్ ఎత్తగానే నీ ఉత్తరం, ఆ కార్డు అతని కాళ్ళ మీద పడ్డాయి. అతనికి తెలుగు చదవడం రాదు. కాగితం నిండా రాత, అందులో ఒక ఆడదాని బొమ్మ. లోపలికి వచ్చి, "జర చదువు" అన్నాడు. మా అత్త చూస్తోంది. నేనూ అప్పుడే మొదటిసారి చూడటం. చదివాను.

మొదటి వరుసలో అతని పేరూ ఉందంటే అజహర్ నవ్వాడు. "నాకెవడు రాస్తడే? నువ్వు అల్లి చెప్తున్నవ్. ఆ ప్రకాష్‌గాడు నీకు రాస్తుండు, నువ్వు దానికి కోడలని పేరు పెట్టినవ్" అన్నాడు. అయిపోయేదాకా విన్నాడు, ఒక్కమాట నమ్మలేదు. వచ్చే ఖేప్‌కు సరుకుతోపాటు ఆ కాగితం కూడా పట్టుకొని మీ దుకాణానికి వస్తాడు. "ఆడ ఆడమనిషి లేకుంటే సక్కగ వచ్చి నిన్ను మహదేవ్‌పూర్‌ల దింపుత" అన్నాడు. మా అత్త అడ్డం రాలేదు. ఆల్బం తీసి చూసింది మరి. పెళ్ళి ఫొటోలు ఉండాల్సిన చోట ఇనుప మనుషులు.

నువ్వు నిజంగా ఉన్నావో లేదో నాకు ఇప్పటికీ సగమే నమ్మకం. ఉంటే, బండి వచ్చినప్పుడు పరదా ముందుండు. ఏం మాట్లాడతావో నాకు తెలియదు. నా కాపురం ఇప్పుడు నువ్వు ఉండటం మీద ఉంది.

సబా


జిమల్‌గట్ట
బండి వచ్చి వెళ్ళిన రోజు

సబక్కా,

జంగుబాయి నీ కాగితాన్ని దుకాణం ముందే బుట్టలోంచి తీయబోయింది. "పెరట్లకు రా" అని లాక్కుపోయాను. 

ఈ రోజు బండి వచ్చింది. మా ఆయన గల్లా దగ్గర ఉన్నాడు, అత్త గడప మీద ఉల్లిగడ్డలు ఏరుతోంది. మీ ఆయన సరుకు దించలేదు. నేరుగా వచ్చి కాగితం, కార్డు గల్లాపెట్టె మీద పెట్టాడు.

"భాయ్, మా ఇంటిదానికి కాగితాలు రాస్తున్నవా?"

"నేనా? పెట్టె మీది తెలుగే చదవరాదు నాకు."

"మరి ఎవరు రాసిండ్రు? ఈ దుకాణంలకెళ్ళి వచ్చింది."

అత్త తలెత్తి, "ఏందిరా పొద్దుగాల లొల్లి? ఆ గాజు బుడ్డి పెట్టుకున్న పోరి ఎవతి?" అంది, కార్డు చూసి.

నేను పరదా తీసి బయటికి వచ్చాను. ఎట్లా వచ్చానో తెలియదు. గల్లాకు ఇవతల నిలబడి, "నేనే రాసిన" అన్నాను. అది ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ అన్నాను. మీ ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, "ఈమెతోని చెప్పిస్తున్నవా భాయ్? నేర్పిన మాట ఎవలన్న చెప్తరు" అన్నాడు.

అప్పుడు మీ ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. కాగితం నా ముందుకు తోశాడు.

"నువ్వే రాస్తే చదువు. మా ఇంటిది చదివింది నాకు యాదికున్నది. నువ్వూ ఆమే ఎన్నడు కలువలే. కాగితం నా జేబులనే ఉన్నది. ఒక్క మాట అటిటైనా అబద్ధమే."

చదవడం మొదలుపెట్టాను. మాట్లాడమంటే రాని గొంతు, చదవమంటే వచ్చింది. 'సబా అక్కకో, అజహర్ గారికో' అనగానే ఆయన తల ఎత్తాడు. గాజుముక్క దగ్గర, గోరింటాకు దగ్గర ఆయన పెదాలు నాతోపాటే కదిలాయి. 'కోడి కాదు' అన్నప్పుడు మా అత్త నవ్వింది.

తర్వాతి వరుస ఏమిటో నాకు కనిపిస్తోంది. మీ ఆయన చూపు నాకు నచ్చదు. అక్కడ ఆగిపోయాను.

నువ్వు ఇది చదివావా? మొగుడు ఎదురుగా నిలబడి వింటుంటే, అత్త చూస్తుంటే, ఏ ఆడదైనా ఆ మాట మింగేసి కింది వరుసకు దూకుతుంది. నేనైతే దూకుతాను. నువ్వు దూకి ఉంటే, నేను చదివితే నీ కాపురం పోతుంది. నువ్వు చదివి ఉంటే, నేను వదిలితే కూడా పోతుంది. నీ ఉత్తరంలో "చదివాను" అని ఒక్క మాటే ఉంది. అన్నీ చదివావో, కొన్ని చదివావో లేదు.

నేను నిన్ను చూడలేదు. నువ్వు గోటీ కొట్టి మచ్చ చేసిన మనిషివి. పేరు పెట్టి పిలిచే మనిషివి. దూకవు అనుకున్నాను. అనుకొని చదివేశాను, ధర కట్టినట్టు చూస్తాడన్నది కూడా, పరదాను అట్లాగే చూస్తాడన్నది కూడా.  

మీ ఆయన ముక్కు పక్కన మచ్చ గోక్కున్నాడు.

"గిదే," అన్నాడు. "గిదే చదివింది. నా మొఖం మీదనే చదివింది. ఆమె అల్లి చెప్తే నన్నెందుకు తిట్టుకుంటదని నాకు అప్పుడే తట్టాలె."

ఇంక చివరిదాకా చదవనివ్వలేదు. కార్డును అంగీకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. సరుకు దించాడు. వెళ్తూ వెళ్తూ నేల చూస్తూ, "నీకు అట్ల అనిపిస్తదని నాకు ఎర్కలేదు చెల్లె" అన్నాడు. బండి మలుపు తిరిగాక నేను ఉల్లిగడ్డల పక్కన కూర్చుండిపోయాను. అత్త, "గింత గొంతున్నదానివి ఇన్నొద్దులు ఎవల భయానికి దాసుకున్నవే?" అంది.

నవత


సిరొంచ
కార్తీకం

నవతా, నా చెల్లె,

మహదేవ్‌పూర్ సంచి విప్పేశాను.

ఆ వరుస వచ్చినప్పుడు నా కన్ను కింది వరుసకు వెళ్ళింది కూడా. కాని ఒకటి వదిలితే ఇంకొకటి వదలాలి, చివరికి అతను అన్నట్టే అల్లడం అవుతుంది. అందుకే గట్టిగా చదివాను. మా అత్త చేతిలో పాన్ ఆగిపోయింది. నువ్వు కూడా చదివావని అజహర్ చెప్పినప్పుడు నేను పెట్టెల మీద కూర్చొని ఏడ్చాను. ఇప్పుడతను దుకాణాల్లో నేల చూస్తూ సరుకు దించుతున్నాడట. "మొన్న అహేరిల గుమ్మానికి తల గుద్దుకున్న, మీ ఇద్దరి పున్యం" అని గొణుగుతున్నాడు.

ఇరవై రెండు నా చేతికి వచ్చింది. ఆల్బంలో దాని చోట పెట్టాక కథ అతుక్కుంది. ఆమె ఎందుకు మాట్లాడదో వెనక రాసి ఉంది. ఆ ఓడలో గాలి లేదు. మాట్లాడితే కుండలోని గాలి తరిగిపోతుంది. అందుకని అవసరమైన మాటే అంటుంది.

మా అత్త ఆల్బం మొదటి పేజీల్లో పెళ్ళి ఫొటోలు, వెనక పేజీల్లో కార్డులు అని పంచాయితీ తేల్చింది. ఇక పెట్టె అడుగున వద్దు, పైనే పెట్టు. అజహర్ చేతికే ఇచ్చినా పరవాలేదు.

కాని ఒక అనుమానం. నీ ఉత్తరంలో నా మొగుడు ఉన్నాడు, మీ అత్త ఉంది, ఉల్లిగడ్డలు కూడా ఉన్నాయి. మీ ఆయన లేడు. "పెట్టె మీది తెలుగే చదవరాదు" అన్న తర్వాత ఆయన ఆ దుకాణంలోంచి మాయమైపోయాడు. నువ్వు చదువుతుంటే ఆయన ఏం చేస్తున్నాడు? ఏమన్నాడు? నువ్వు ఏదో దాస్తున్నావు.

సబా


జిమల్‌గట్ట
చలి మొదలైంది

సబక్కా,

ముప్పై ఆరు డబల్ వచ్చింది, పంపుతున్నాను. ఒక మూల ఎలుక కొరికింది, ముందే చెబుతున్నాను.

నువ్వు అడిగినది దాచాను, నిజమే.

ఆ కాగితం గల్లాపెట్టె మీద పడి, మా దుకాణంలోంచి వచ్చిందని మీ ఆయన అనగానే, మా ఆయన మీ ఆయన వైపు చూడలేదు. పరదా వైపు చూశాడు. నేనింకా బయటికి రాలేదు. ఆయన నన్ను ఒక్కమాట అడగలేదు. కాగితంలో ఏముందో తెలియదు. ఐనా చూశాడు. పరదా సందులోంచి నాకు కనిపించింది. మీ ఆయన చూపు నచ్చదని రాశాను గాని, అది సరుకును చూసే చూపు. ఇది దొంగను చూసే చూపు.

నేను బయటికి వచ్చింది నీ కోసమే అనుకుంటున్నావు. సగం అందుకే. సగం ఆ చూపు తగిలి వచ్చాను. నేను చదువుతున్నంతసేపు ఆయన నా చేతుల వైపే చూస్తున్నాడు. మీ ఆయన "గిదే" అన్నాక ఆయన ఊపిరి వదిలిన చప్పుడు విన్నాను. మీ ఆయన చెల్లె అని తల దించుకున్నాడు. మా ఆయన ఏమీ జరగనట్టు తూకం రాళ్ళు సర్దుకున్నాడు.

అప్పటి నుంచి మంచిగానే ఉన్నాడు. అహేరి సంత నుంచి జిలేబీ తెచ్చాడు. పరదా తీసేసి దుకాణంలో కూర్చొమ్మన్నాడు. "ఏమైందే, మూతి ముడుసుకున్నవ్?" అని అడుగుతాడు. చెప్పాలని నోరు తెరుస్తాను, గొంతు మొదటి మాటకే ఆగిపోతుంది. చదివితే మాత్రం ఆగదని ఆ రోజు తెలిసింది. అందుకే ఇదంతా రాశాను. నీకు రాసినట్టుంది గాని, నీ ఒక్కదానికే కాదు.

ఇప్పుడు ఆయన బస్తా మీద కూర్చొని నన్నే చూస్తున్నాడు. "ఇన్ని వరుసలు దేని గురించి? నా గురించా?" అన్నాడు. అవునన్నాను. "ఏది, జర చదువు" అంటున్నాడు.

పై నుంచి చదువుతాను. ఏ వరుసా వదలను.

నవత